చీర చరిత్రలో మాల మగ్గం ఎక్కడ?

చేనేత చీర అనగానే గద్వాల, పోచంపల్లి, వెంకటగిరి, ఉప్పాడ, ధర్మవరం గుర్తొస్తాయి. నేసేదెవరు అంటే పద్మశాలీలు, దేవాంగులు, తొగటలు అని చెబుతాం. ఈ జవాబు తప్పు కాదు, కానీ సగమే. తెలంగాణ షెడ్యూల్డ్ కులాల జాబితాలోని 59 పేర్లలో ‘మాల సాలె, నేతాని’ ఒకటి. వాడుకలో నేతకాని అంటాం. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఈ కులస్తులు ఎక్కువ. సాలె అన్నా, నేత అన్నా మగ్గం పనే. ప్రభుత్వ జాబితాలోనే ఒక దళిత నేత కులం ఉన్నా, ‘మన సంప్రదాయ చేనేత’ గురించి రాసేవాటిలో ఆ పేరు అరుదుగా కనిపిస్తుంది. ఎందుకు కనిపించదో ఈ వ్యాసంలో చూద్దాం.

ముతక గుడ్డ నేసినవారు

1800-01లో మైసూరు ప్రాంతంలో తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, హొలెయలు ముతక నూలు గుడ్డ నేయడం చూసి రాశాడు. కన్నడ సీమలో హొలెయల స్థానం తెలుగు నేలపై మాలల స్థానం లాంటిదే. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథం కూడా ముతక గుడ్డ నేతను మాలల పనుల్లో ఒకటిగా చెప్పింది. వలస అధికారుల రాతలను జాగ్రత్తగానే చదవాలి. అయినా పల్లెల్లో దళితుల ఇళ్లలో మగ్గాలు ఉండేవన్న విషయాన్ని అవి నమోదు చేశాయి.

ఆ మగ్గాల మీద నేసింది జరీ చీర కాదు. పొలం పనికి తట్టుకునే చీర, పంచె, దుప్పటి. లావు నూలుతో నేసిన ఆ గుడ్డను కట్టుకున్నది ఎక్కువగా కష్టజీవులే. సన్న నూలు, పట్టు, జరీ రాజులకూ గుళ్లకూ దూరదేశపు వ్యాపారులకూ వెళ్లాయి. వాటికి పేరు మిగిలింది, దాచిపెట్టిన నమూనాలు మిగిలాయి. కూలి మనిషి చీర మాత్రం చిరిగేదాకా ఒంటి మీదే ఉండేది. చిరిగాక బొంతలో కలిసేది. మ్యూజియంలో దానికి చోటు లేదు. మనం చీర చరిత్ర అని చదువుకునేది చాలావరకు దాచుకోగలిగిన వారి చీరల చరిత్ర.

మగ్గం ఎందుకు ఆగింది

ఇంగ్లండు మిల్లు గుడ్డ మొదట్లో సన్న నేతను ఎక్కువగా దెబ్బతీసింది. గట్టిగా ఉండటం వల్ల ముతక గుడ్డ కొంతకాలం నిలబడింది. ఆ తర్వాత బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు అలాంటి సాదా గుడ్డనే చవగ్గా తయారుచేశాయి. అంచూ కొంగూ వేరుగా నేయాల్సిన చీరను మరమగ్గం తేలిగ్గా అనుకరించలేకపోయింది. గద్వాల చీరనే చూడండి. మధ్యభాగం నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే ఒకదానితో ఒకటి కలిపి నేస్తారు. ఇలాంటి పనితనానికి పెట్టుబడి పెట్టే షావుకారు, దూరపు మార్కెట్ కావాలి. ఊరి బయట, వ్యవసాయ కూలి మధ్య దొరికిన తీరికలో నేసేవారికి ఆ రెండూ అందలేదు. మగ్గం ఆగితే మిగిలింది కూలి పనీ వలసే.

నోటితో పీల్చిన దారం

వలస వెళ్లినచోటా కులం ఎదురైంది. బొంబాయి బట్టల మిల్లుల్లో మెరుగైన జీతం నేత విభాగంలో ఉండేది. అక్కడికి అంటరానివారిని రానిచ్చేవారు కాదు. కండె మార్చినప్పుడల్లా నేత కార్మికుడు దారం కొసను నాడె రంధ్రం గుండా నోటితో పీల్చి బయటికి లాగాలి. ఒకరు నోరు పెట్టిన నాడెను మరొకరు వాడాల్సి వస్తుంది కాబట్టి, మైల అంటుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. 1928 మిల్లు సమ్మె సమయంలో డాక్టర్ అంబేడ్కర్ ఈ వివక్షను కార్మిక నాయకుల ముందు పెట్టారు. అన్ని విభాగాల్లోనూ పనిచేసే హక్కు సమ్మె డిమాండ్లలో ఉండాలని పట్టుబట్టారు. తరతరాలుగా గుడ్డ నేసిన కులాల వారికి మిల్లు మగ్గం దగ్గర చోటు లేకుండా చేసింది చేతకానితనం కాదు, అంటరానితనం.

పట్టు పరిశ్రమలో దళితులు కనిపించిన తీరు వేరు. కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ పట్టు పనిలో అప్పు కింద కట్టుబడిన బాలకార్మికులపై హ్యూమన్ రైట్స్ వాచ్ 2003లో నివేదిక ఇచ్చింది. ఆ పిల్లల్లో దళితులు, ముస్లింలు ఎక్కువని అది చెప్పింది.

నేడు లెక్కలో ఎవరు

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత పనిలో ఉన్నారు. వారిలో 26.73 లక్షల మంది నేసేవారు, 8.48 లక్షల మంది అనుబంధ పనివారు. మొత్తం మీద నూటికి 70 మందికి పైగా మహిళలే. నూలు చుట్టడం, కండెలు పట్టడం, పడుగు సిద్ధం చేయడం, గంజి పెట్టడం అనుబంధ పనులు. ఇవి లేకుండా చీర లేదు. కానీ సాయం చాలాసార్లు మగ్గం యజమానితోనే ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నేతన్న నేస్తం కింద ఏటా 24,000 రూపాయలు ఇచ్చింది సొంత మగ్గం ఉన్న నేత కుటుంబాలకే. సొంత మగ్గం లేక మరొకరి దగ్గర కూలికి నేసేవారు ఏ కులంవారైనా ఆ గీతకు అవతలే ఉండిపోయారు.

1999 భౌగోళిక గుర్తింపు చట్టం పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ, మంగళగిరి పేర్లకు రక్షణ ఇచ్చింది. నకిలీల నుంచి నేతగాళ్లను కాపాడటానికి అది అవసరమే. అయితే అది ఊరి పేరుతో ప్రసిద్ధికెక్కిన సరుకును కాపాడే చట్టం. వారపు సంతలో మూరల లెక్కన అమ్ముడైన మాలపల్లె గుడ్డకు ఏ ఊరి పేరూ లేదు.

కులవృత్తిని తిరిగి నెత్తికెత్తుకోమని మేం అనడం లేదు. ఆ పని ఎవరిని ఎక్కడ ఉంచిందో మనకు తెలుసు. మేం అడిగేది చరిత్రలో వాటా, లెక్కలో చోటు. చేనేత ప్రాంతాలకు వెళ్లే విద్యార్థులూ కార్యకర్తలూ మూడు ప్రశ్నలు వేయాలి. మగ్గం ఎవరిది? కూలి ఎవరు? గుర్తింపు కార్డు ఎవరి పేరున ఉంది? నేతకాని, మాల పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే నాలుగో ప్రశ్న కూడా అడగాలి: ‘మీ ఇంట్లో మగ్గం గుంట ఎక్కడ ఉండేది?’