ఉద్దానం: కారణం గడిలో ఏం రాశాం?

2016 వేసవిలో మా మావయ్య పోయాడు. కవిటి వైపు ఊరు. నలభై తొమ్మిదేళ్ళు. అంతకుముందు రెండేళ్ళు, వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖ వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. చివరికి ఇంట్లోనే పోయాడు. పదకొండో రోజు అయ్యాక పంచాయతీకి ఇవ్వాల్సిన ఫారం నేనే నింపాను. ఇంట్లో ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఏ ఫారమైనా నా దగ్గరికే వస్తుంది. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి అన్నీ రాశాక 'మరణానికి కారణం' అని ఒక గడి వచ్చింది. పెన్ను ఆపి అత్త వైపు చూశాను.

"గుండాగిపోయింది కదా బాబూ, అదే రాయి" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "కిడ్నీ అని రాస్తే పిల్లకి సంబంధాలెలాగొస్తాయి?" అంది.

గుండెపోటు అని రాసేశాను. ఆ ఊరి రికార్డులో ఇప్పటికీ నా చేతిరాతలో ఉన్న అబద్ధం అది. ఈ వ్యాసం ఆ గడి గురించి.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరం కొసన, మహేంద్రగిరికీ సముద్రానికీ మధ్య ఉన్న నేల ఉద్దానం. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండబట్టే 'ఉద్యానం' కాస్తా ఉద్దానం అయ్యిందంటారు. సాహిత్యం చదివేవాళ్ళకి ఉద్దానం అనగానే బొడ్డపాడు గుర్తొస్తుంది, జముకుల కథతో ఊళ్ళు తిరిగి 1969లో చనిపోయిన సుబ్బారావు పాణిగ్రాహి గుర్తొస్తాడు. ఆ పోరాటానికి పేర్లున్నాయి, తేదీలున్నాయి, పాటలున్నాయి. అదే నేల మీద అంతకంటే ఎక్కువమందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బుకి మాత్రం మొదటి తేదీ లేదు.

ఎప్పుడు మొదలైంది అని అడిగితే ఊళ్ళో తలా ఒక మాట చెబుతారు. తుపాను తర్వాత అని ఒకరు, బోర్లు వేశాక అని ఒకరు, తోటలకి మందులు కొట్టడం మొదలెట్టాక అని ఇంకొకరు. 1990ల నుంచి స్థానిక డాక్టర్లు గమనిస్తూ వచ్చారు. 2000ల్లో విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు లాంటివాళ్ళు, ఒకే ప్రాంతం నుంచి ఇంతమంది ఎందుకు వస్తున్నారని పట్టించుకుని పరిశోధన మొదలుపెట్టారు. అంతకుముందు ఎంతమంది పోయారో లెక్క లేదు. ఒళ్ళు వాచి పోయాడు, నీరు పట్టి పోయాడు, తిండి సయించక పోయాడు అని జ్ఞాపకాలు మాత్రం ఉన్నాయి.

ఈ జబ్బు స్వభావం కూడా అలాంటిదే. చాలామందిలో షుగర్ ఉండదు, మొదట్లో బీపీ ఉండదు. నొప్పి తెలియదు. లక్షణాలు బయటపడేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. వైద్యశాస్త్రం దీన్ని 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి' అంటుంది. తెలియకపోవడం పేరులోనే ఉంది. 2019, 2020ల్లో అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చిన రెండు సర్వేలు చూస్తే, ఉద్దానంలో పెద్దవాళ్ళలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంది. మా అమ్మమ్మ ఊళ్ళో బడి గడప తొక్కని ముసలివాళ్ళు కూడా క్రియాటినిన్ అనే మాట వాడతారు. నగరాల్లో మనం సిబిల్ స్కోరు గురించి మాట్లాడుకున్నట్టు అక్కడ "ఎంతొచ్చింది?" అని అడుగుతారు. ఏమిటని అడగక్కర్లేదు.

అనుమానితులు చాలామందే ఉన్నారు. భూగర్భజలంలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే కాయకష్టం, ఒళ్ళునొప్పులకి వాడే పెయిన్ కిల్లర్లు, వంశపారంపర్యం. ఒక్కోదాని మీద పరిశోధనలు జరిగాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా నేరం ఒప్పుకోలేదు.

సాఫ్ట్‌వేర్ పనిలో మాకు బాగా తెలిసిన బాధ ఒకటుంది. ప్రొడక్షన్‌లో ఏదో కూలిపోతుంది. ఎందుకు కూలిందో చూద్దామంటే లాగ్స్ ఉండవు, ఎవరూ పెట్టలేదు. అప్పుడు ఎంత తెలివైనవాడైనా ఊహించడం తప్ప ఏమీ చెయ్యలేడు. ఉద్దానం విషయంలో నాకు కనిపించేది అదే. కిడ్నీ పాడవడానికి ఏళ్ళు పడుతుంది. ఈరోజు బావిలో నీళ్ళు పరీక్షిస్తే ఈరోజు నీళ్ళ సంగతి తెలుస్తుంది. మా మావయ్య చిన్నప్పుడు తాగిన నీళ్ళలో ఏముందో ఎవరు చెబుతారు?

ఇక్కడ లండన్ కథ ఒకటి గుర్తు చేసుకోవాలి. 1854లో సోహో ప్రాంతంలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ బ్రాడ్ స్ట్రీట్ బోరింగు పంపు మీద అనుమానపడ్డాడు. అధికారులని ఒప్పించి సెప్టెంబర్ 8న ఆ పంపు హ్యాండిల్ తీయించాడు. కలరాకి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ మన కలకత్తాలో ఖాయం చేసింది 1884లో. అంటే కారణం పూర్తిగా తెలియడానికి ముప్ఫై ఏళ్ళ ముందే స్నో చెయ్యగలిగింది చేశాడు. ఈ కథని అందరూ అక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించేది దాని వెనక ఉన్న ఇంకో మనిషి. లండన్ రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసులో విలియం ఫార్ అనే గణాంకవేత్త ప్రతి వారం మరణాల పట్టిక వేసేవాడు, కారణంతో సహా. స్నో ఆ ఆఫీసుకి వెళ్ళి 83 మరణాల జాబితా తీసుకుని, ఆ చిరునామాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పటం గీసింది స్నోయే. దానికి కావలసిన చుక్కలు మాత్రం ఫార్ దగ్గరే ఉన్నాయి.

ఉద్దానానికి స్నోలు వచ్చారు. విశాఖ నుంచి వచ్చారు, ఐసీఎంఆర్ నుంచి, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి, హార్వర్డ్ నుంచీ వచ్చారు. ఫార్ మాత్రం లేడు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. అయినా దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి ఇప్పటికీ ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంటాయి. మిగతావాటికి కారణం రాసేది నాలాంటి మేనల్లుళ్ళు.

ఉద్దానం ఒంటరి కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతుల్లో 1990ల నుంచి ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. ఎల్ సాల్వడార్‌లో చెరకు కోసే కూలీల గురించి 2002లో డాక్టర్లు రాశారు. శ్రీలంక 2015లో గ్లైఫోసేట్ కలుపుమందుని నిషేధించి, 2018లో టీ, రబ్బరు తోటలకి సడలించింది. మధ్య అమెరికాలో ఎండదెబ్బ మీద అనుమానం బలపడ్డాక, కొన్ని చెరకు తోటల్లో కూలీలకి నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చే పద్ధతి మొదలైంది. ఇంకా పాత ఉదాహరణ డాన్యూబ్ ఉపనదుల తీరాన బాల్కన్ గ్రామాలది. అక్కడి కిడ్నీ జబ్బుని డాక్టర్లు 1950ల్లోనే వర్ణించారు. గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసి, వాటిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలని తినేస్తోందని గట్టిగా తేలేసరికి అర్ధ శతాబ్దం గడిచింది. మొక్క చేలో ఉంది, జబ్బు ఆస్పత్రిలో ఉంది. రెంటినీ కలిపి చూడ్డానికే అంత కాలం పట్టింది.

మన దగ్గర చేనుకి ఒక శాఖ, ఆస్పత్రికి ఒక శాఖ. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో, పర్యావరణ పరిరక్షణ చట్టం భోపాల్ తర్వాత 1986లో వచ్చాయి. కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. కోర్టు ఒకే వాక్యంలో కలిపినవాటిని ఆఫీసులు వేర్వేరు బీరువాల్లో పెట్టాయి.

దీనికి సాక్ష్యం ఈ తీరంలోనే ఉంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల ఉంది. వానాకాలం నీరు నిలిచి, చుట్టూ ఊళ్ళకి సాగుకీ చేపలకీ పశువుల మేతకీ ఆధారం. కాగితాల్లో అది బంజరు. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ వారంలోనే ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి వైపు కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం మీద గొడవ, మళ్ళీ కాల్పులు, మళ్ళీ ఇద్దరు. అక్కడి చిత్తడి నేలని తంపర అంటారు. పక్కనే నౌపడ ఉప్పుమళ్ళు, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టే తేలినీలాపురం ఉన్నాయి.

థర్మల్ కేంద్రాల వల్ల కిడ్నీ జబ్బు వచ్చిందని నేననడం లేదు. జబ్బు వాటికంటే పాతది. నా ప్రశ్న వేరు. అప్పటికే కిడ్నీలు పాడవుతున్న ప్రాంతం అంచున, భారలోహాలుండే బొగ్గు బూడిద పోసే ప్రాజెక్టుకి అనుమతి ఇచ్చేటప్పుడు, 'ఇక్కడి జనం ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?' అని ముందుగా కొలిచి చూడాల్సిన పని ఎవరిది? నివేదికల్లో గాలి ఉంటుంది, నీరు ఉంటుంది, మొక్కల జాబితా ఉంటుంది. మనిషి రక్తంలో క్రియాటినిన్ ఉండదు. బీల కోసం నిలబడ్డవాళ్ళు నీళ్ళనీ ఒంటినీ వేరు చేసి మాట్లాడలేదు. ఆ తెలివి ఫైళ్ళలోకి ఎక్కలేదు.

తర్వాత ప్రభుత్వాలు కదిలాయి, అది ఒప్పుకోవాలి. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాక రాష్ట్రమంతా ఈ పేరు వినిపించింది. ఆర్‌వో నీళ్ళ ప్లాంట్లు పెట్టారు. డయాలసిస్ కేంద్రాలు దగ్గర్లోకి వచ్చాయి. డయాలసిస్ రోగుల పింఛను 2,500 నుంచి 2019లో 10,000 అయ్యింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు వంశధార మీది హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్లతో తెచ్చిన తాగునీటి పథకం ప్రారంభించారు. ఆ రిజర్వాయర్ కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు వేరే ఉన్నారు. ఉద్దానం తాగే గ్లాసులో వాళ్ళ వాటా కూడా ఉంది.

ఆ పైపు మన పంపు హ్యాండిల్. కారణం తేలేదాకా ఆగకుండా భూగర్భజలాన్ని తప్పించడం సరైన పనే. కానీ పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఏ ఇంటికి నది నీరు ఎప్పుడు చేరింది, ఎవరు ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నారు, పదేళ్ళ తర్వాత ఈ రెండు రకాల ఇళ్ళలో కొత్తగా ఎంతమందికి జబ్బు వచ్చింది అన్నది ఒకే పుస్తకంలో రాస్తే తప్ప తెలియదు. నీళ్ళ పుస్తకం ఒక శాఖలో, రక్తం పుస్తకం ఇంకో శాఖలో ఉంటే 700 కోట్ల పైపు నీళ్ళయితే ఇస్తుంది, జవాబు ఇవ్వదు.

నీళ్ళూ వైద్యమూ ఎంత కలిసిపోయి ఉంటాయో 2018 అక్టోబర్ 11న తెలిసొచ్చింది. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తరాల కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. కరెంటు లేక ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేకపోతే ఆర్‌వో ప్లాంటు నడవదు, జనం మళ్ళీ బోరింగు దగ్గరికే వెళ్ళాలి. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కదానికే దాదాపు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. కిడ్నీ పాడైన మనిషికి మంచినీళ్ళ అవసరం తగ్గదు, పెరుగుతుంది.

ఏం చెయ్యాలో చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. లాగ్స్ పెట్టేవాడిగా మూడు మాటలు చెప్పగలను. ఊరికి కొన్ని బావులు, బోర్లు ఎంచుకుని ఏటా అవే పరీక్షించాలి, తీర్పు కోసం కాదు, జ్ఞాపకం కోసం. ఆ ఊరి క్రియాటినిన్ పరీక్షలు ఆ నీళ్ళ లెక్క పక్కనే ఉండాలి. ఇంట్లో పోయినవాళ్ళ విషయంలో ఏఎన్ఎం వచ్చి కూర్చుని, ఎలా పోయారో అడిగి రాసుకోవాలి.

మూడోది అన్నిటికంటే చవక, అన్నిటికంటే కష్టం. ఎందుకంటే అక్కడ మా అత్త కూర్చుని ఉంటుంది, పెళ్ళి కావాల్సిన కూతురితో. ఉద్దానం పిల్లనివ్వడానికీ చేసుకోవడానికీ జనం వెనకాడతారన్నది ఊహ కాదు, నేను చూసిందే. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోని పాలసీ ఏదైనా గుండెపోట్లనే సేకరిస్తుంది.

ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఒక చిన్న సంగతి తెలిసింది. మనకిచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం అచ్చు వెయ్యరు. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ నుంచి బయటికిచ్చే నకలులో కారణం బయటపెట్టకూడదు. అంటే ఆరోజు నేను 'కిడ్నీ' అని రాసినా ఆ ధ్రువపత్రం చూసి ఏ పెళ్ళివారికీ తెలిసేది కాదు. ఆ రక్షణ మొదటి నుంచీ ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్తకి ఈ సంగతి చెప్పాను. మరదలికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. అత్త చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరైతే ఇప్పుడు మార్చి రాయొచ్చా?" అని అడిగింది.

తప్పులు దిద్దుకునే వీలు అదే చట్టంలో ఉంది. మావయ్య రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు ఇంకా బీరువా మీదే ఉంది. దించి, తేదీల వారీగా సర్దుతున్నాను.