కుక్కా, కుక్కపిల్లా?

మా మాడుగులలో వీధి కుక్క అరుగు మీద పడుకునేది గానీ, గడప దాటనిచ్చేవారు కాదు. అందుకేనేమో, కూతురి కోసం వేడుకున్న తల్లితో ఏసు కుక్కల పోలిక తేవడం (మార్కు 7) చదివితే మనసు చివుక్కుమంటుంది.

కానీ ఆవిడ గ్రీకు స్త్రీ అని మార్కే రాశాడు. అక్కడి గ్రీకు మాట 'కునారియోన్', అంటే చిన్నకుక్క. ముత్యాలూ పందుల వాక్యంలో (మత్తయి 7:6) ఉన్నది 'కుయోన్', మామూలు కుక్క. గ్రీకులకీ కుక్క తిట్టే, కాదనను. డయోజనీస్‌కి ఆ పేరే పెట్టారు. కాకపోతే బల్ల దగ్గర పెరిగే కుక్కలు హోమర్ కావ్యాల్లోనే ఉన్నాయి. ఆవిడకి తట్టింది ఆ బొమ్మే. అందుకే బల్లకింద రాలిన ముక్కల మాటెత్తి జవాబిచ్చింది, కూతుర్ని దక్కించుకుంది.

1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకటే మాట. తెలుగు బైబిల్లో మాత్రం ఒకచోట కుక్కలు, ఇంకోచోట కుక్కపిల్లలు. ఈ తెలుగు అనువాదాల పని మన విశాఖపట్నంలోనూ సాగింది, 1805లో వచ్చిన క్రాన్, డెగ్రాంజ్‌లతో.

ఎన్‌కోడింగ్ తెలీకుండా ఫైలు తెరిస్తే చెత్తే కనిపిస్తుంది కదా! అయినా ఆ పోలిక నొప్పించదా అంటే, నొప్పిస్తుంది. ఆ వాదనలో గెలిచింది ఆ తల్లే అని మాత్రం నేనంటాను. మీరేమంటారు?