వేరు వదిలిన గుంత

ఇటలీలోని పురాతన రోమన్ నగరం పాంపేయీలో, ఆంఫీథియేటర్ పక్కనున్న ఓ పెద్ద జాగాను చాలాకాలం పశువుల సంత అనే పిలిచారు. 1966లో పురావస్తు పరిశోధకురాలు విల్హెల్మీనా జషెంస్కీ అక్కడ తవ్వకం మొదలుపెట్టాక అది ద్రాక్షతోట అని తేలింది.

రోమన్లు ద్రాక్ష సాగు గురించి చాలానే రాశారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో, క్రీ.శ. 1వ శతాబ్దంలో కొలుమెల్లా తోట ఎలా పెట్టాలో వివరించారు. ఏ ఊరి ఏ చెలకలో తీగలుండేవో మాత్రం ఆ పుస్తకాలు చూసి పటం గీయలేం.

అందుకే నాకు జషెంస్కీ తవ్వకమంటే అంత ఇష్టం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై నురుగురాళ్లు తోటను కప్పేశాయి. కాలక్రమంలో వేళ్లు కుళ్లిపోతే, ఆ ఖాళీల్లోకి రాళ్లు జారాయి. ఆమె బృందం వాటిని ఓపిగ్గా తోడేసి, ఇనుపతీగ దింపి, సిమెంటు పోసింది. గట్టిపడ్డాక చుట్టూ మట్టి తీస్తే, మెలికలతో సహా ద్రాక్షవేరు! పక్కనే సన్నటి గుంత, ఊతకర్రది. అలా 2,014 వేళ్ల గుంతలు లెక్కతేలాయి. తీగకీ తీగకీ ఎడం సుమారు 4 రోమన్ అడుగులు, ఆనాటి పుస్తకాలు చెప్పినట్టే. ఓ మూల ద్రాక్ష పిండే గది, నేలలో పాతిన 10 కాగులు. పటాలు గీసింది భౌతికశాస్త్రవేత్త అయిన ఆమె భర్త స్టాన్లీ.

ఇప్పుడు జీఐఎస్‌ అనే కంప్యూటర్ పటాల వ్యవస్థలో వాలు, ఎండ, మట్టి, రోమన్ రోడ్లు, ద్రాక్షసారా జాడీలు కాల్చిన బట్టీలు పొరలు పొరలుగా పరిచి తోటల చోట్లు అంచనా వేస్తున్నారు. లేజర్ కిరణాలతో నేలను కొలిచే లైడార్ అడవి కింది మెట్లపొలాలను బయటపెడుతోంది. ఆ మెట్టు మీద పండింది ద్రాక్షా, ఆలివా, ఏ శతాబ్దంలో అన్నది మాత్రం తవ్వితేనే తెలుస్తుంది. 2008లో ఫ్రాన్స్‌లోని జెవ్రీ-షాంబెర్తాన్‌లో 1వ శతాబ్దపు తోట తాలూకు 300కు పైగా గుంతలు దొరికాయి. దొరికింది ఇప్పుడు పేరుమోసిన కొండవాలులో కాదు, కింది చదునునేలలో. వాలునే నమ్ముకున్న పటం ఆ తోటను వదిలేసేది. చేత్తో కొలిచిన ఒక్కో గుంతే కంప్యూటర్ పటానికి ఆధారమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తోటల ద్రాక్షసారా మోసిన జాడీల ప్రయాణానికి మరో కొస మన దగ్గరుంది. వెసూవియస్ ప్రాంతపు నల్ల ఇసుక కలిసిన జాడీ పెంకులు పుదుచ్చేరి పక్కన అరికమేడులో దొరికాయి.

పాంపేయీలో 1990లలో మళ్లీ ద్రాక్ష నాటారు. వరసల ఎడం చూసుకోవడానికి పాత గుంతలే కొలబద్ద అయ్యాయి.