పంచదార మీద పాత వ్యాజ్యం

పంచదార ఒంటికి చేటు చేస్తుందా అన్న తగాదా ఈమధ్యది కాదు. 1670ల్లోనే ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్, మధుమేహ రోగుల మూత్రం తేనె కలిపినంత తియ్యగా ఉంటుందని రాశాడు. (మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడికి ఆ సంగతి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. తిండి వల్ల ఈ జబ్బు తెచ్చుకున్నవాడు లావుగా ఉంటాడనీ, బాగా తిని పడక దిగడనీ కూడా ఆయన సంహితలో ఉంది.) విల్లిస్ పంచదారను బోనెక్కించాడు గానీ మోపిన నేరం వేరు. చిగుళ్లు చెడగొట్టే స్కర్వీ జబ్బు దానివల్లే వస్తుందన్నాడు. అది విటమిన్ సి లోపమని తేలడానికి ఇంకో రెండున్నర శతాబ్దాలు పట్టింది.

1715లో ఫ్రెడరిక్ స్లేర్ అనే వైద్యుడు పంచదార తరఫున వకాల్తా పుచ్చుకుని పుస్తకమే వేశాడు. పళ్లు కూడా దానితోనే తోముకోమన్నాడు. తీపంటే ప్రాణం పెట్టే తన తాత నూరేళ్లు బతికాడని సాక్ష్యం చూపాడు. అంతటి వీరాభిమానీ ఆడవాళ్లను ఒక్క విషయంలో హెచ్చరించాడు: సన్నగా ఉండాలంటే జాగ్రత్త, ఒళ్లొస్తుంది. మొత్తం వ్యాజ్యంలో నమ్మదగ్గ మొదటి సాక్ష్యం, నా లెక్కలో, ఈ వకీలు నోరు జారి అన్న మాటే.

అప్పటికి ఇంగ్లండులో మనిషి ఏడాదికి తినేది సుమారు రెండు కిలోలు. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో బానిసల చాకిరీతో సరుకు చౌకై, 1800 నాటికి ఎనిమిది కిలోలైంది. 1874లో పంచదార మీద పన్ను ఎత్తేశాక ఇంకా ఎగబాకి, 1900 నాటికి నలభైకి చేరింది.

పంచదార పళ్లు పుచ్చజేస్తుందన్న నేరం మాత్రం 1940ల్లో స్వీడన్‌లో రుజువైంది, అదీ సిగ్గుపడాల్సిన పద్ధతిలో. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచిన విపెహోల్మ్ వైద్యశాలలో రోగులకు పళ్లకు అంటుకునే టాఫీలు పెట్టి, పళ్లు పుచ్చేదాకా చూశారు.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు రావడంతో అందరి చూపూ గుండె మీదికి మళ్లింది. దోషి కొవ్వు అన్నాడు మిన్నెసోటా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. కాదు, పంచదార అన్నాడు లండన్ ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్. 1972లో పుస్తకమూ రాశాడు. గెలుపు కీస్‌దే అయింది. ఈలోపు 1967లో ముగ్గురు హార్వర్డ్ శాస్త్రవేత్తలు కొవ్వును తప్పుపడుతూ, పంచదారను వెనకేసుకొస్తూ ఒక సమీక్ష రాశారు. అందుకు చక్కెర వ్యాపారుల సంస్థ దాదాపు 6,500 డాలర్లు ముట్టజెప్పిందని 2016లో పాత ఉత్తరాలు బయటపెట్టాయి. కుట్ర అని గగ్గోలు పుట్టింది. 2018లో ఇద్దరు చరిత్రకారులు మాత్రం, ఆ రోజుల్లో పరిశ్రమల సొమ్ము తీసుకోవడం మామూలేననీ, ఆ శాస్త్రవేత్తల అభిప్రాయం ముందునుంచీ అదేననీ చూపించారు. డబ్బు సంగతి దాచడం తప్పే. కానీ యుడ్కిన్ చేతిలో ఉన్న ఆధారాలు కూడా అప్పటికి అంత గట్టివి కావు.

బరువు మాటకొస్తే తీర్పు ఇంకా చిక్కైనది. 1997లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో లావుపాటి ఆడవాళ్లకు ఆరు వారాలు రోజుకు 1,100 కేలరీల తిండి పెట్టారు. ఒక జట్టుకు అందులో 43 శాతం పంచదార, ఇంకో జట్టుకు 4 శాతమే. రెండు జట్లూ దాదాపు ఒకేలా తగ్గాయి! 2013లో న్యూజిలాండ్ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కూడేసి చూస్తే, తీపి తగ్గించినవాళ్లు సగటున 0.8 కిలో తగ్గారు, పెంచినవాళ్లు ఇంచుమించు అంతే పెరిగారు. కేలరీలు మారకుండా పంచదార బదులు వేరే పిండిపదార్థం ఇచ్చినప్పుడు మాత్రం తేడా లేదు. అంటే దానిలో మాయ ఏమీ లేదు. కడుపు నిండిన సంగతి తెలియనివ్వకుండా కేలరీలు లోపలికి పంపుతుంది, అంతే. శీతల పానీయాలతో అసలు ఇబ్బంది ఇదే.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోజువారీ కేలరీల్లో తీపి వాటా పది శాతం మించొద్దనీ, ఐదు శాతానికి దించితే ఇంకా మేలనీ చెప్పింది. ఐదు శాతమంటే సుమారు 25 గ్రాములు. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆ 25 గ్రాముల హద్దే పెట్టింది. మామూలు కోలా 300 మిల్లీలీటర్లు తాగితే సుమారు 30 గ్రాములు పోతుంది. బెల్లం టీ తాగుతున్నాం కదా అని తృప్తిపడేవాళ్లకూ, తేనె కలుపుకునేవాళ్లకూ ఈ లెక్కలో మినహాయింపు లేదు.