చేనిగట్టుపై పరదేశి

ఆదిలాబాదు ప్రాంతమున పుష్యమాసపు రాత్రులెంత చల్లనివో అక్కడివారికి చెప్పవలసిన పనిలేదు. సిర్పూరు, కెరమెరి వైపున ఒక్కొక్క యేడు ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల దరికి దిగును. అట్టి చలిలోను గట్లమీది నాగజెముడు పచ్చగనే నిలిచియుండును. దానిని మన అడవిలో పుట్టిన మొక్కయనియే మనము తలచుచున్నాము. నిజమునకది అమెరికా ఖండమునుండి వచ్చినది. పేరు మాత్రము మనది. విరిచినచో పాలు కారెడి బొమ్మజెముడు, ఆకుజెముడు వేరు కుటుంబమునకు చెందినవి. వాని పోలికనుబట్టి మనవారు క్రొత్తదానికిని జెముడనియే పేరిడినారు. పడగవంటి మట్టలను చూచి 'నాగ' శబ్దమును చేర్చినారు కాబోలు.

ఈ జాతి మొక్కల చరిత్రలో ఒక ఎఱ్ఱరంగునకు పెద్ద పాత్ర కలదు. వీనిపై బ్రతికెడి కొచ్చినీలు పురుగునుండి ఆ రంగు తీయుదురు. మెక్సికోనుండి దానిని తెచ్చి అమ్మి స్పెయిను దేశము విశేష ధనము గడించినది. ఆ లాభము నాశించియే 18వ శతాబ్ది చివర మద్రాసులో డాక్టరు జేమ్సు అండర్సను ఈ మొక్కలకై ఒక తోట వేయించినాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిలునుండి పురుగును కలకత్తాకు తెచ్చినాడు. అయితే వచ్చినది మేలిజాతి కాదు, రంగు నాసిరకము. కాని అది ఒక జాతి జెముడును తిని రూపుమాపినది. కలుపును పురుగుచే అణచుటకు ఇది తొలి ఉదాహరణములలో నొకటి.

నాగజెముడు దానికి లొంగలేదు. విరిగిపడిన ప్రతి మట్టయు వేరూనును. పండ్లు తిన్న పక్షులు గింజలు చల్లును. ముండ్లకు వెరచి పశువు ముట్టదు. దక్షిణదేశమున ఎన్నో బీళ్లు దానిపాలైనవి. 1926లో సింహళమునుండి వేరొక జాతి పురుగును తెచ్చి విడిచిన పిదపగాని దాని విజృంభణ తగ్గలేదు.

ఇది చలికెట్లు ఓర్చుచున్నది? చలికాలమున ఈ కుటుంబపు మొక్కలు ఒంటి నీటిని తగ్గించుకొని ముడుచుకొనును, రసము చిక్కబడును. కెనడాలో ఒక చిన్నజాతి జెముడు మంచుక్రిందనే శీతకాలము గడుపును. మన సీమలో చలి ముదురునప్పటికి వానలు వెనుదిరిగియుండును. ఆ పొడిచలి దానికి హాని చేయదు. నల్లరేగడిలో నిలిచిన శ్రావణపు నీరే వేరును కుళ్లజేయును. కనుక కరీంనగరు ఇండ్లలో కుండీలలో పెంచువారు ఇసుక, గులకరాళ్లు కలిపిన మట్టి వాడి, మార్గశిరమునుండి మాఘము వరకు నీరు మిక్కిలి తగ్గించిన చాలును.

పరదేశపు మొక్కలన్నియు కీడు కావు. మిరపయు, వేరుసెనగయు ఆ ఖండమునుండియే వచ్చినవి. నేడు తెలంగాణ రైతులు పెంచుచున్న డ్రాగన్ ఫ్రూటు కూడ జెముడు కుటుంబములోనిదే. తెచ్చుట తప్పు కాదు; తెచ్చి విడిచిపెట్టుటయే ప్రమాదము. కుండీలో విరిగిన నాగజెముడు మట్టను పొలమువైపు విసరక, ఎండబెట్టి కాల్చుట మేలు. నేడు మనమొక గట్టున పారవేసినది రేపు పది గట్లకెక్కును.