పచ్చగా ఉందంటే బావున్నట్టేనా?

మా ఆఫీసులో ఒక డాష్‌బోర్డు ఉంది. మొత్తం 11 సైట్లు, సైటుకో గడి. రిస్కు ఉంటే ఎరుపు, కాస్త అనుమానంగా ఉంటే పసుపు, అంతా బావుంటే పచ్చ. సోమవారం మీటింగులో దాన్ని తెర మీద వేస్తారు. ఎర్రగడుల వాళ్ళకి అక్షింతలు పడతాయి. పచ్చగడుల జోలికి ఎవరూ పోరు. మీ ఆఫీసులోనూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది.

ఆమధ్య ఒక సైటు మూడు వారాల పాటు పచ్చగానే ఉంది. తీరా చూస్తే అక్కణ్ణించి డేటా రావడమే మానేసింది! చివరిసారి వచ్చిన రంగునే మా ప్రోగ్రాం చూపిస్తూ కూర్చుంది. ఆ కోడు రాసిన మహానుభావుణ్ణి నేనే లెండి.

సెలవులకి రాజాం వెళ్ళినప్పుడు ఈ సంగతి తాతయ్యకి చెప్పాను. ఆయన ఒక్క ముక్కే అన్నారు. "కబురు రానేదంటే బావున్నట్టేటిరా? పాపారాయుడికీ కబురు రానేదు."

తాండ్ర పాపారాయుడు అనగానే మనలో చాలామందికి 1986లో వచ్చిన కృష్ణంరాజు సినిమా గుర్తొస్తుంది. అసలు జరిగింది చూద్దాం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. పంపిన కబురు ఆయనకి చేరలేదని మావైపు అందరూ చెప్పుకుంటారు. కోటలో రంగారావు చనిపోయాడు. శత్రువుల చేతిలో పడకూడదని ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. రాజాంలో మాత్రం ఆ రోజంతా 'పచ్చ'గానే ఉంది.

అవతలి పక్షం సంగతీ చూడండి. బుస్సీకి ఫిరంగులున్నాయి, సైన్యం ఉంది. కానీ బొబ్బిలి గురించి ఆయన ఎక్కువగా విన్నది బొబ్బిలంటే గిట్టని విజయరామరాజు నోటే. మన భాషలో చెప్పాలంటే ఒకే డేటా సోర్సు, అదీ పక్షపాతంతో ఉన్నది. గెలిచిన విజయరామరాజు కూడా మూడు రోజులు తిరక్కుండానే తన గుడారంలోనే హతమయ్యాడు. చంపింది పాపారాయుడేనని జనం కథ; రంగారావు మనుషులని ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ రాశాడు. (పాపారాయుడి రాజాం 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలో కలిసింది. కాలం చేసే వేళాకోళం!)

అది గుర్రాల మీద కబుర్లు పంపుకున్న కాలం, ఇప్పుడు సెన్సార్లున్నాయి కదా అంటారా? మా పక్కనే ఉన్న విశాఖకి రండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చిన విషయాల్లో రెండు నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకటి, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. వేడెక్కింది పైభాగం. అంటే కింద అంకె బాగానే ఉండగా పైన ప్రమాదం ముదిరింది. రెండోది, సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నా ఒక్కటీ ఎవరూ నొక్కలేదు.

అంకె అబద్ధం చెప్పలేదండీ. దాన్ని కొలిచిన చోటు తప్పు. కొలవని చోటు గురించి మనం ఏమీ అడగలేదు, అంతే.

తిరిగొచ్చాక మా డాష్‌బోర్డులో మూడు మార్పులు చేశాను. 24 గంటలు డేటా రాకపోతే గడి బూడిదరంగులోకి మారుతుంది, ఎన్ని గంటలైందో పక్కనే కనిపిస్తుంది. ప్రతి అంకె కిందా అది ఎక్కడ కొలిచారో, ఎవరు పంపారో ఉంటుంది. ఇక మూడోది కోడు కాదు. ప్రతి సోమవారం పచ్చగా ఉన్న ఒక సైటుకి ఫోన్ చేసి, అక్కడ పనిచేసే మనిషితో మాట్లాడాలి.

మొదటి సోమవారమే 11లో 4 గడులు బూడిదరంగులో కనిపించాయి. మా పెద్దసారుకి అది బొత్తిగా నచ్చలేదు. "క్లయింటు చూస్తాడయ్యా, పాత రంగే ఉంచెయ్" అన్నారు. ఇలాంటి చోట సాధారణంగా తలూపేసే బాపతు నేను. ఆ రోజు మాత్రం కుదరదన్నాను. ఏమనుకున్నారో ఏమో, కాసేపు ఊరుకుని, ఆ నాలుగు సైట్లకీ ఆయనే ఫోన్ చేశారు.