బెంగళూరు నాగరత్నమ్మ, రాధికా సాంత్వనం, మా అవ్వ నోటుపుస్తకం

మా అవ్వ పోయిన ఏడాదికి ఆమె ట్రంకుపెట్టె తీసినాం. పట్టుచీర మడతల కింద ఒక పాత నోటుపుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి, కుట్టు మాత్రం గట్టిగానే ఉంది. లోపల రాత కన్నడ అక్షరాల్లో ఉంది, మాటలు మాత్రం తెలుగు. అన్నీ త్యాగరాజస్వామి కీర్తనలే. అవ్వ చదివింది నాలుగో క్లాసు దాకా, అదీ కన్నడం బడిలో. తెలుగు అక్షరం ఆమెకు రాదు. బెంగళూరు ఆకాశవాణిలో పాట వస్తే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి విని, మళ్ళీ వచ్చినప్పుడు మిగతాది విని, అట్లా కూడబెట్టుకున్న పుస్తకం అది.

ప్రతి పాటా ఒక్కసారే రాసింది. నడిమధ్యలో ఒక కీర్తన మాత్రం పదకొండు సార్లు ఉంది. మొదట పొరపాటేమో అనుకున్నాం. ఆ పేజీ పైన చిన్నగా నెల, సంవత్సరం వేసి ఉంటే అమ్మ వేళ్ళ మీద లెక్క చూసి ఊరుకుండిపోయింది. అమ్మ తమ్ముడు ఒకడు ఆరేళ్ళ వయసులో జ్వరంతో పోయినాడు. ఆ నెల అదే. ఆ పిల్లవాడి గురించి అవ్వ మా ఎదురుగా ఒక్కనాడూ మాట్లాడలేదు. పేరు కూడా ఎత్తలేదు.

చిన్నప్పుడు మేము ఆమెను ఆట పట్టించిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. "అవ్వా, నీకు తెలుగు చదివేకే రాదు, తెలుగు పాటలు ఎందుకు రాసుకుంటావు?" అంటే, "చదివేకి రాకుంటే ఏమిరా, పాడేకి వస్తాది కదా. పాడతా రాస్తే మనసు కొంచెం కుదురుకుంటాది" అనింది. మేము నవ్వి ఆడుకునేకి పోయినాం.

ఆ కీర్తనలు మా ఇంటి దాకా ఎట్లా వచ్చినాయి అని వెతుక్కుంటూ పోతే ఒక మనిషి దగ్గర ఆగిపోయినాం. ఆమె మన కర్ణాటకలోనే పుట్టింది. చదువుకొని తెలుగు నేర్చింది. ఒక తెలుగు పుస్తకం కోసం, ఒక తెలుగు వాగ్గేయకారుడి సమాధి కోసం తన సంపాదన, వయసు రెండూ పెట్టింది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ.

నంజనగూడు పిల్ల

నాగరత్నమ్మ 1878 నవంబర్ 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులానికి చెందినామె. తండ్రి వకీలు. ఆయన తల్లీబిడ్డలను వదిలేసినాడు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుడి దగ్గర పిల్లకు సంస్కృతం చదువు మొదలైంది కానీ, ఆ ఆశ్రయం కూడా నిలవలేదు. తల్లి కూతురిని వెంటబెట్టుకొని ఊరు విడిచింది. కూతురి చదువు మాత్రం విడువలేదు. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు, సంగీతం, నాట్యం, ఏదీ తగ్గనియ్యలేదు. బెంగళూరులో మునుస్వామప్ప దగ్గర సంగీతం చెప్పించింది. ఆయనది త్యాగరాజస్వామి శిష్యుడైన వాలాజపేట వెంకటరమణ భాగవతార్ నుంచి వచ్చిన పరంపర. అట్లా త్యాగరాజ కీర్తనలు ఈ పిల్లకు దాదాపు ఇంటి వరసగానే అందినాయి.

నాగరత్నమ్మ ఇంకా చిన్నవయసులో ఉండగానే తల్లి పోయింది. తండ్రి లేడు, తల్లి లేదు. చేతిలో మిగిలింది తల్లి చెప్పించిన చదువు, పాట. పదిహేనేళ్ళ ప్రాయంలో మైసూరులో పాడి మెప్పించారు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో మద్రాసు చేరి పెద్ద పేరు, పెద్ద ఆదాయం సంపాదించారు. కథ అక్కడితో ఆగి ఉంటే ఆమె ఒక గొప్ప గాయని, అంతే.

తంజావూరి కావ్యం

మద్రాసులో ఉండగా తంజావూరి తెలుగు కవుల గురించి చదువుతూ ఆమె ముద్దుపళని అనే పేరు దగ్గర ఆగినారు. మన తెలుగువాళ్ళం ఇక్కడొక సంగతి గుర్తు పెట్టుకోవాలి. తంజావూరు తమిళ నేల. అయినా నాయక రాజులు అక్కడ తెలుగును ఆస్థాన భాష చేసినారు. వాళ్ళ పాలన 1673లో ముగిసి మరాఠా రాజులు వచ్చినా తెలుగు పోలేదు. ఆ మరాఠా రాజుల్లో ప్రతాపసింహుడు 1739 నుంచి 1763 దాకా ఏలినాడు. ముద్దుపళని ఆయన ఆస్థానంలోని విదుషి. ఆమె కూడా దేవదాసి కులంలో పుట్టినదే. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసింది. ఆమె రాసిన పెద్ద కావ్యం రాధికా సాంత్వనం, 584 పద్యాలు.

కథ చిన్నదే. రాధ ఇళ అనే పిల్లను తన చేతుల మీద పెంచుతుంది. ఆ పిల్లను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేయిస్తుంది. కొత్త పెళ్ళికూతురికి బుద్ధులు కూడా తానే చెబుతుంది. తీరా వాళ్ళిద్దరూ ఒకటైనాక ఓర్చుకోలేకపోతుంది. ఏడుస్తుంది, కృష్ణుణ్ణి తిడుతుంది, తన్ను తాను నిందించుకుంటుంది. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలి, సముదాయించి, దగ్గరకు తీసుకుంటాడు. సాంత్వనం అంటే అదే, ఓదార్చడం.

చదివితే మాకు తట్టింది ఇది. పెద్దదానివి, నీకెందుకు ఈ కోపం, ఓర్చుకో అని రాధకు బుద్ధి చెప్పి ముగిస్తే ఆ కాలానికి చెల్లిపోయేది. ముద్దుపళని అట్లా చెయ్యలేదు. రాధ బాధను, అసూయను, కోరికను ముందు మాటల్లో పెట్టనిచ్చింది. చెప్పుకోవాల్సిందంతా రాధ చెప్పుకున్నాకనే ఓదార్పు వస్తుంది. శృంగారం కూడా దాపరికం లేకుండా ఉంది. దాని మీదే తర్వాత ఇంత రచ్చ జరిగింది.

ముప్పై ఆరేళ్ళ నిషేధం

నాగరత్నమ్మకు మొదట దొరికింది 1887 నాటి అచ్చు ప్రతి. అందులో కొన్ని భాగాలు లేవు. ఆమె అంతటితో సరిపెట్టుకోలేదు. తాళపత్ర ప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి, పోయిన పద్యాలను తిరిగి చేర్చారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా పొట్టకూటి పని కాబట్టి ఒక మాట చెప్పగలం. రెండు ప్రతులను వరసకు వరస పోల్చి, ఏది పోయింది, ఎక్కడ పోయింది అని పట్టుకోవడం కళ్ళు నొప్పిపుట్టే పని. అందులో పేరు రాదు, విసుగు మాత్రం వస్తుంది. కచేరీలతో చేతినిండా పని ఉన్న గాయని కూర్చుని ఆ పని చేసిందంటే ఆ పుస్తకం ఆమెకు ఎంత కావాలో తెలుస్తుంది.

1910లో మద్రాసు వావిళ్ళ వారు దాన్ని అచ్చు వేసినారు. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే కావ్యమని నాగరత్నమ్మ ముందుమాటలో రాసుకున్నారు. రాసింది స్త్రీ, అందులోనూ తన కులంలో పుట్టిన స్త్రీ కాబట్టి సరిగా పరిష్కరించి అచ్చు వెయ్యడం తన పని అనుకున్నారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అంతకు ముందే ముద్దుపళని కావ్యాన్ని, ఆమె పుట్టుకను కూడా తప్పు పట్టి ఉన్నారు. నాగరత్నమ్మ ఆయనకు నేరుగా బదులిచ్చారు. మగవాళ్ళు రాసిన శృంగార కావ్యాలకు లేని అభ్యంతరం దీనికి ఎందుకు వచ్చింది, సిగ్గు ఆడవాళ్ళకేనా అని నిలదీశారు. పంతులుగారు ఆడపిల్లల చదువు కోసం, వితంతు వివాహాల కోసం ఎంత పాటుపడినారో మనకు తెలుసు. అంతటి మనిషికి కూడా ఈ ఒక్క గొంతు వినబడలేదు. ఆ చరిత్రను రెండు వైపులా చూడాల్సిందే.

1911లో పోలీసులు ప్రతులను పట్టుకున్నారు. అశ్లీలమని ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పుణ్యాన నిషేధం ఎత్తివేసేదాకా ముప్పై ఆరేళ్ళు ఆ కావ్యం బయట తలెత్తలేకపోయింది. అప్పటికి నాగరత్నమ్మకు 68 ఏళ్ళు.

తిరువైయారు

పుస్తకం ఆగిపోయినా ఆమె ఆగలేదు. త్యాగరాజస్వామి 1847లో తిరువైయారులో సిద్ధి పొందారు. ఆయన సమాధి కావేరి ఒడ్డున పిచ్చిమొక్కల మధ్య పాడుబడి ఉందని మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారు 1921లో ఆమెకు తెలియజేశారు. నాగరత్నమ్మ అక్కడికి వెళ్ళి, స్థలం సంపాదించి, తన సొంత డబ్బుతో గుడి కట్టించారు. స్వామి విగ్రహం పెట్టించి నిత్యపూజకు ఏర్పాటు చేశారు. 1920ల్లో జరిగిన పని ఇది.

గుడి కట్టించిన ఆమెకే అక్కడ ఆరాధన రోజున పాడే హక్కు లేదు. అప్పటికి ఆరాధన నడిపేవాళ్ళు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు, ఇద్దరూ ఆడవాళ్ళను పాడనిచ్చేవాళ్ళు కాదు. నాగరత్నమ్మ 1927 నుంచి ఆడవాళ్ళతో మూడో ఆరాధన మొదలుపెట్టారు. తమిళంలో దానికి పెణ్‌గళ్ కట్చి అని పేరు, ఆడవాళ్ళ జట్టు అని. సమాధి వెనక వైపున కూర్చొని పాడేవాళ్ళు. 1940 ప్రాంతంలో మూడు జట్లూ ఒకటైనాయి. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు ఆడా మగా కలిసి కూర్చొని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు పాడుతుంటే టీవీలో చూస్తాం కదా, దాని వెనక ఇంత కథ ఉంది. అక్కడ గొంతు కలిపే వందలమందిలో చాలామందికి తెలుగు మాట్లాడను రాదు. తమిళ, కన్నడ, మలయాళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాడతారు. మా అవ్వ మాదిరే.

నాగరత్నమ్మ చివరి రోజులు తిరువైయారులోనే గడిపారు. ఆస్తిని స్వామి సేవకే రాసిచ్చి, అక్కడ ఆడవాళ్ళకు, దేవదాసీలకు కూడా పూజించే, పాడే హక్కు ఉండాలని వీలునామాలో షరతు పెట్టారు. 1952 మే 19న కన్నుమూశారు. ఆమె సమాధి త్యాగరాజస్వామి సన్నిధికి దగ్గర్లోనే ఉంది. విగ్రహం స్వామి వైపు తిరిగి చేతులు జోడించి కూర్చొని ఉంటుంది.

మా ఇంటికి వస్తే

పుస్తకం చదివితే బాధ పోతుంది, పాట వింటే మనసు బాగుపడుతుంది అని సులువుగా అంటుంటారు. నాగరత్నమ్మ కథ చూశాక మాకు అంత సులువుగా అనబుద్ధి కాదు. తండ్రి వదిలేసిన సంగతి ఏ పాటా మార్చలేదు. కులం పేరు పెట్టి అన్న మాటలను ఏ కావ్యమూ వెనక్కి తీసుకోలేదు. ఆమె చేసింది వేరు. తనకు ఊరటనిచ్చినదాన్ని చేతుల్లోకి తీసుకొని పని చేశారు. పద్యాలు పోల్చారు, అచ్చు వేయించారు, మొక్కలు కొట్టించారు, గుడి కట్టారు, నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి పాడించారు. ఆమెకు దక్కిన ఓదార్పు ఆ పనిలోనే ఉందని మేము అనుకుంటున్నాం. మా అవ్వకు గుడి కట్టే స్తోమత లేదు. ఆమె చేతిలో ఒక పెన్ను, రెండు వందల పేజీలు ఉండినాయి. పదకొండు సార్లు రాసింది.

ఆ నోటుపుస్తకం చూశాక మేము అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు కలిసి ముప్పై దాటిన వయసులో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాం. అందరం కన్నడం మీడియంలో చదివినవాళ్ళమే. సగం అక్షరాలు చూడగానే అర్థమైనాయి, క, త, శ దగ్గర మాత్రం చాలా రోజులు తడబడినాం. ఆదివారం సాయంత్రం కూర్చొని అవ్వ రాసిన కీర్తనలను ఒక్కొక్కటిగా తెలుగు లిపిలోకి ఎక్కిస్తున్నాం. రేడియోలో విన్నది కాబట్టి అవ్వ కొన్ని మాటలు తప్పు రాసింది. వాటిని దిద్దాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగింది. చివరికి కీర్తన సరిగా రాసి, అవ్వ రాసిన మాటను పక్కన అట్లే ఉంచాలని ఒప్పుకున్నాం.

పదకొండు సార్లు రాసిన కీర్తన దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ తానే రాస్తానని పెన్ను తీసుకుంది. అమ్మకు ఇంకా గుణింతాలు సరిగా రావు. ఒక పల్లవికి దాదాపు గంట పట్టింది. రాస్తూ రాస్తూ తమ్ముడి పేరు చెప్పింది. వాడికి బెల్లం అన్నం ఇష్టమని, జ్వరంలో కూడా అదే అడిగినాడని చెప్పింది. ఆ పేరు మేము వినడం అదే మొదటిసారి.

మన ఇళ్ళలో ఇట్లాంటి పుస్తకాలు ఇంకా ఉంటాయి. కన్నడంలో, తమిళంలో, ఒరియాలో, మరాఠీలో రాసుకున్న తెలుగు పాటలు, పెళ్ళి పాటలు, లాలి పాటలు. పాత సామాన్లు అమ్మేసే ముందు పెట్టె అడుగున ఒకసారి చూడండి. దొరికితే పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్ళు ఉండగానే చదివించుకోండి. మేము అవ్వను అడగలేకపోయినాం.